అడవి అంచున తెల్ల గుడ్డ కట్టి మాత్‌లను చూడడం, పేరు తేల్చడం

మాత్ అంటే సీతాకోకచిలుకకు దగ్గరి బంధువు, ఎక్కువగా రాత్రి తిరిగే పురుగు. దాని పేరు తేలేది మర్నాడు పొద్దున పుస్తకాలు తిరగేస్తున్నప్పుడు కాదు. రాత్రి లైటు వెలిగించి కట్టిన తెల్ల గుడ్డ మీద అది వాలి ఉన్న కాసేపట్లో మీరు ఏమేం చూశారు, ఏ కోణాల్లో ఫోటోలు తీశారు అన్నదాన్ని బట్టే తేలుతుంది. పైనుంచి తీసిన ఒకే ఒక్క అందమైన ఫోటోతో ఇంటికి వస్తే చాలా మాత్‌లు పేరు లేకుండానే మిగిలిపోతాయి. మన దేశంలో సీతాకోకచిలుకలు 1,300 జాతులకు పైగా ఉంటే, మాత్‌లు 10,000 జాతులకు పైనే. వాటిలో ముందు రెక్కలు ఎండుటాకులా, బెరడులా ఉండి ఒకదాన్నొకటి పోలినవి కోకొల్లలు. తేడా తరచూ వెనక రెక్కలోనో, అడుగు భాగంలోనో, మీసాల్లోనో ఉంటుంది.

నల్లమల, అనంతగిరి, మారేడుమిల్లి, అరకు లాంటి అడవుల అంచున ఒకరిద్దరు కలిసి చేసుకోగలిగిన పద్ధతి ఇది.

అనుమతి, చోటు, రాత్రి

రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా రాత్రిపూట వెళ్లడం నేరం. అభయారణ్యాలు, టైగర్ రిజర్వుల్లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అక్కడ అధ్యయనం చేయాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. నేర్చుకునేవాళ్లకు ఇదంతా అవసరం లేదు. అడవిని ఆనుకుని ఉన్న పట్టా భూమి, మామిడి తోట, కాటేజీ ఆవరణ చాలు, ఎందుకంటే మాత్‌లు అంచుకు వస్తాయి. యజమాని ఒప్పుకున్నాక కూడా అటవీ శాఖ తరఫున ఆ ప్రాంతాన్ని చూసే బీట్ ఆఫీసరుకు ముందే చెప్పి ఉంచండి. అడవి పక్కన రాత్రి లైటు కనిపిస్తే వేటగాళ్లని అనుమానించడం వాళ్ల బాధ్యత.

ఒక వైపు రకరకాల చెట్లు, తీగలు, పొదలు, మరో వైపు కొంత ఖాళీ ఉన్న చోటు చూసుకోండి. లోయ వైపు తిరిగిన వాలు దొరికితే ఇంకా మంచిది, లైటు చాలా దూరం కనిపిస్తుంది. వీధి దీపం కళ్లబడేంత దగ్గరలో ఉంటే ఫలితం పలచబడుతుంది. వరి మడులకు దూరంగా ఉండండి. కోతలకు ముందు వారాల్లో పచ్చ దీపపు పురుగులు వేలకొద్దీ వచ్చి గుడ్డను కప్పేస్తాయి, మాత్‌లకు కాలు మోపే చోటుండదు.

అమావాస్యకు మూడు నాలుగు రోజులు ఇటూ అటూ ఉన్న రాత్రులు మేలు. వెన్నెల్లో లైటుకు వచ్చేవి బాగా తగ్గిపోతాయి. దట్టంగా మబ్బు పట్టి ఉంటే మాత్రం పౌర్ణమి దగ్గరైనా ప్రయత్నించవచ్చు. ఉక్కపోత, గాలి కదలకపోవడం, సాయంత్రం వాన కురిసి వెలవడం, ఈ మూడూ కలిసిన రాత్రిని వదులుకోకండి. జూన్ తొలకరి నుంచి అక్టోబరు దాకా సీజన్. ఆకురాల్చే అడవుల్లో ఎండాకాలం బోసిగా ఉండడానికి కారణం ఉంది. దసలి పట్టు మాత్ లాంటివి ఆ నెలలన్నీ గూటిలోనే గడిపి, వానలు మొదలయ్యాకే బయటికొస్తాయి. డిసెంబరు, జనవరి చలిలో అరకు వైపు గుడ్డ కడితే రాత్రంతా నాలుగైదు చిన్నవాటి కంటే ఎక్కువ ఆశించకండి.

లైటు

రెండు దారులున్నాయి. కరెంటు ఉన్న చోట 160 వాట్ల మెర్క్యురీ బల్బు, అంటే చోక్ అక్కర్లేకుండా నేరుగా 230 వోల్టులకు వెలిగే రకం. కరెంటు లేని చోట 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ ఎల్ఈడీ, 10 వాట్లది.

మెర్క్యురీ బల్బు బాగా లాగుతుంది కానీ బాగా కాలుతుంది. ప్లాస్టిక్ హోల్డర్ మెత్తబడుతుంది కాబట్టి పింగాణీ హోల్డర్ వాడండి. వేడి గాజు మీద వాన చుక్క పడితే పగులుతుంది. పై గాజు పగిలి లోపలి గొట్టం వెలుగుతూనే ఉంటే కళ్లకు, చర్మానికి హాని చేసే కిరణాలు బయటికొస్తాయి, వెంటనే ప్లగ్గు పీకేయండి. ఒకసారి ఆర్పితే చల్లారాకే మళ్లీ వెలుగుతుంది, అందుకు కొన్ని నిమిషాలు పడుతుంది. దీన్ని మాటిమాటికీ ఆర్పి వెలిగించే పని పెట్టుకోకండి.

ఎల్ఈడీ కొనేటప్పుడు 365 అని రాసి ఉందో లేదో చూడండి. నోట్లు పరీక్షించే చవక టార్చీలు చాలావరకు 395 నానోమీటర్లవి. కంటికి ఊదాగా బాగా వెలిగినట్టుంటాయి, మాత్‌లను మాత్రం అంతగా రప్పించవు. ఇంట్లో వాడే తెల్ల ఎల్ఈడీ బల్బుల్లో అల్ట్రావయొలెట్ దాదాపు ఉండదు, అందుకే వాటికి వచ్చేవి తక్కువ. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉండేది సుమారు 74 వాట్ అవర్లు. నష్టాలు పోను 10 వాట్ల లైటు ఆరు గంటల దాకా వెలుగుతుంది. 12 వోల్టుల 7 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడేస్తే పాడవుతుంది, అది నాలుగు గంటలు ఇస్తుంది. ఏ లైటైనా నేరుగా దానిలోకి చూడకండి. పాలీకార్బొనేట్ రక్షణ కళ్లద్దాలు పెట్టుకుంటే అల్ట్రావయొలెట్ కళ్లను చేరదు.

గుడ్డ

తెల్ల కాటన్ దుప్పటి లేదా పంచె, కనీసం ఒకటిన్నర మీటర్లకు రెండు మీటర్లు. పాలిస్టర్ వద్దు, నునుపు మీద కాళ్లు పట్టు దొరకక జారిపోతాయి. రెండు చెట్ల మధ్య తాడు బిగించి గుడ్డను వేలాడదీసి, కింది మూలలను కూడా లాగి కట్టాలి. గాలికి గుడ్డ టపటపలాడితే వాలినవి లేచిపోతాయి. లైటును నేల నుంచి 1.2 నుంచి 1.5 మీటర్ల ఎత్తులో, గుడ్డకు ఒక జానెడు ముందు ఉంచండి.

గుడ్డ కింద నేల మీద ఇంకో తెల్ల గుడ్డ పరవడం తప్పనిసరి. దీని వెనక కారణం ఇటీవలే స్పష్టమైంది. 2024లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన, హైస్పీడు కెమెరాలతో పురుగుల ఎగురుడును గమనించి, అవి లైటు వైపు దూసుకురావడం లేదని, వెలుగు ఉన్న దిక్కుకు వీపు తిప్పుతున్నాయని చూపించింది. మామూలుగా రాత్రి ఆకాశమే వెలుతురుగా ఉండే పైవైపు. వీపు అటు ఉంటే అవి తిన్నగా ఎగురుతున్నట్టు. లైటు పక్కనుంటే ఒరిగిపోయి దాని చుట్టూ తిరుగుతాయి. లైటు మీదుగా పోయినప్పుడు వీపు కిందికి తిప్పి తలకిందులై నేల మీద పడతాయి. అలా పడ్డవి గడ్డిలో కాళ్ల కింద నలిగిపోకుండా, మీ లెక్కలోకి వచ్చేలా చేసేది ఈ నేల గుడ్డే. పెద్ద మాత్‌లు చాలాసార్లు గుడ్డ దాకా రాకుండా రెండు మూడు మీటర్ల అవతల ఆకుల మీదా, చెట్టు మొదట్లోనూ కూర్చుంటాయి. గంటకోసారి చుట్టూ టార్చితో వెతకండి.

మీ భద్రత

మోకాలి దాకా గమ్‌బూట్లు, పొడుగు చేతుల చొక్కా, చెవుల్లో దూది. దూది మాట విని నవ్వేవాళ్లు ఉంటారు, ఒక పేడపురుగు చెవిలో దూరితే ఆ రాత్రికి పని ముగిసినట్టే. లైటుకు పురుగులు, పురుగులకు కప్పలు, కప్పలకు పాములు వస్తాయి. నేల గుడ్డ అంచు ఎత్తే ముందు టార్చి వేసి చూడండి. తేళ్లు అల్ట్రావయొలెట్ వెలుగులో ఆకుపచ్చగా మెరుస్తాయి కనుక ఆ టార్చితోనే నేలంతా ఒకసారి తిప్పి చూసుకోవచ్చు. నలుపు, నారింజ రంగుల సన్నటి నైరోబీ ఈగ మెడ మీద వాలితే చేత్తో నలపకండి, ఊదేయండి. దాని ఒంట్లోని రసం చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది.

డీట్ ఉన్న దోమల మందు రాసుకున్న చేతులతో మాత్‌ను గానీ కెమెరాను గానీ పట్టుకోకండి. అది పురుగుకు హాని, ప్లాస్టిక్‌నూ కరిగిస్తుంది.

గుడ్డ మీద వాలాక

చీకటి పడ్డ మొదటి రెండు గంటల్లో చిన్నవి ఎక్కువ. దసలి పట్టు మాత్ ఉండే సాటర్నిడ్ కుటుంబపు పెద్ద మాత్‌లు చాలావరకు అర్ధరాత్రి దాటాక వస్తాయి కాబట్టి పదింటికే సర్దేస్తే అవి దొరకవు.

తొలి వానల తర్వాత రాత్రుల్లో ఉసిళ్లు కమ్ముకుంటే కంగారు పడనక్కర్లేదు. లైటు ఆర్పి ముప్పావు గంట ఆగండి. అవి రెక్కలు రాల్చుకుని సద్దుమణిగాక మళ్లీ వెలిగించండి. మెర్క్యురీ బల్బైనా అప్పటికి చల్లబడే ఉంటుంది.

వాలిన ప్రతిదీ మాత్ కాదు. రెక్కల మీద పొలుసులకు బదులు వెంట్రుకలుండే క్యాడిస్ ఈగలు, జల్లెడ రెక్కల లేస్‌వింగులు కూడా వస్తాయి. వేలితో తాకితే రంగు పొడి అంటేవే మన పురుగులు, అయితే ఆ పొడి రాలేకొద్దీ గుర్తులు పోతాయి కాబట్టి తాకి చూడడం అలవాటు చేసుకోకండి.

ఫోటోలకు అల్ట్రావయొలెట్ వెలుగు పనికిరాదు. అన్నీ నీలంగా పడి అసలు రంగు తెలియదు. తెల్ల టార్చిని పక్కనుంచి ఏటవాలుగా పట్టండి, ఫ్లాష్ వాడితే దాని ముందు ట్రేసింగ్ పేపర్ అడ్డం పెట్టండి. ఫోను చాలు, కానీ లెన్సు తుడవడం, రెండింతల జూమ్‌లో కాస్త దూరం నుంచి తీయడం మరిచిపోవద్దు. ఒక్కో మాత్‌కు ఈ వరుసలో తీయండి, ఎందుకంటే కింది వరుసకు పోయేకొద్దీ అది ఎగిరిపోయే అవకాశం పెరుగుతుంది:

1. వాలిన తీరు చెదరకుండా నేరుగా పైనుంచి. రెక్కలు పరిచిందా, గుడిసె కప్పులా మడిచిందా, పొట్ట పైకెత్తిందా అన్నదే కుటుంబాన్ని సగం చెప్పేస్తుంది.
2. పక్కనుంచి, మూతి ముందు పొడుచుకొచ్చిన పాల్పులనే చిన్న తడుములు, కాళ్లు కనిపించేలా.
3. తల, మీసాలు దగ్గరగా. దారంలా ఉన్నాయా, దువ్వెన పళ్లలా ఉన్నాయా? చాలా కుటుంబాల్లో మగవాటి మీసాలే వెడల్పు.
4. మిల్లీమీటర్ల గ్రాఫ్ పేపర్ ముక్క పక్కన పెట్టి. రెక్కల విప్పారం కన్నా ముందు రెక్క పొడవు, మొదలు నుంచి కొన దాకా, నమ్మదగిన కొలత. వాలిన తీరును బట్టి అది మారదు.
5. వెనక రెక్క. మెత్తటి పెయింటు బ్రష్ కొనతో ముందు రెక్కను మెల్లగా ముందుకు జరిపితే చాలా మాత్‌లు ఒక్క క్షణం వెనక రెక్క చూపిస్తాయి.
6. అడుగు భాగం. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాలోకి ఎక్కించి కిందినుంచి.

అల్లరి పెట్టేవాటిని డబ్బాతో సహా ఐస్‌ప్యాక్ ఉన్న పెట్టెలో పది పదిహేను నిమిషాలు ఉంచితే నెమ్మదిస్తాయి. డబ్బా ఐస్‌కు నేరుగా ఆనకుండా మధ్యలో గుడ్డ పెట్టండి. ఫోటో అయ్యాక లైటుకు దూరంగా గుబురు పొదలో వదలండి. వేడెక్కడానికి వణుకుతూ రెక్కలాడించడం మామూలే.

బెల్లం పూత

లైటుకు సరిగా రాని మాత్‌లు కొన్ని తీపికి వస్తాయి. అర కిలో బెల్లం, బాగా మగ్గిన అరటిపండ్లు ఆరు, ఒక గ్లాసు కల్లు కలిపి పిసికి ఒకటి రెండు రోజులు పులియనివ్వండి. పొద్దు కుంకే వేళ చెట్ల మొదళ్లకు ఛాతీ ఎత్తున బ్రష్‌తో పూయండి. ఎరీబస్ లాంటి పెద్ద గోధుమ రంగు మాత్‌లు, పండ్ల రసం పీల్చేవి దీనికే ఎక్కువగా వస్తాయి. సాటర్నిడ్‌లు రావు, రెక్కలొచ్చాక వాటికి తినే నోరే ఉండదు. చీమల బారులున్న చెట్టును వదిలేయండి. ఎలుగుబంట్లు తిరిగే చోట ఈ పూత అసలు వద్దు. బెల్లం, అరటి, కల్లు మూడూ వాటికి పిలుపే.

పేరు తేల్చడం

ముందు కుటుంబం. రాకెట్టు లాంటి ఒళ్లు, సన్నటి పొడుగు ముందు రెక్కలుంటే స్ఫింజిడే, అంటే హాక్‌మాత్‌లు. గన్నేరు, నందివర్ధనం ఆకులు తిని పెరిగే ఆకుపచ్చ డాఫ్నిస్ నెరీ ఇందులోదే. సన్నటి ఒళ్లుతో నాలుగు రెక్కలనూ ఉపరితలానికి అదిమి పరిచి, ముందు రెక్క గీత వెనక రెక్క మీదికి కొనసాగితే జియోమెట్రిడే. టీ అక్షరంలా కూర్చునే పుల్ల లాంటిది టెరోఫోరిడే. పొడుగు కాళ్లు, ముందుకు పొడుచుకొచ్చిన మూతి ఉన్న చిన్న ముక్కోణాలు చాలావరకు క్రాంబిడే, పైరాలిడే. బొచ్చు ముంగాళ్లు ముందుకు చాచి కూర్చుంటే లైమాంట్రినే. దాన్నీ, రంగురంగుల ఆర్క్టినేనూ ఇప్పుడు ఎరీబిడే కుటుంబంలో ఉపకుటుంబాలుగా లెక్కిస్తున్నారు, పాత పుస్తకాల్లో వేరే కుటుంబాలుగా కనిపిస్తాయి.

ఇక్కడ ఒక అడ్డదారి: పొలాల నుంచి వచ్చినవాటిని ముందే పక్కన పెట్టేయండి. పసుపు ముందు రెక్క మీద ఒక్క నల్ల చుక్క ఉన్నది వరి కాండం తొలిచే పురుగు ఆడది. గోధుమ రెక్క మీద తెల్ల గీతలు అల్లిబిల్లిగా ఉండి, వెనక రెక్క తెల్లగా ఉంటే పొగాకు లద్దె పురుగు తల్లి. రైతులకు ఇవి చూడగానే తెలుస్తాయి, ఆ తెలివి ఇక్కడ బాగా పనికొస్తుంది.

ఇక ఒక ఉదాహరణ మొదటి నుంచీ చూద్దాం. ఎండుటాకులా గోధుమ, ఊదా కలిసిన ముందు రెక్కలతో, గుడిసె కప్పులా మడిచి, అరచేతిలో సగం ఉన్న లావుపాటి మాత్ వాలిందనుకోండి. పైనుంచి తీసిన ఫోటోతో ఇంతవరకే చెప్పగలం: ఎరీబిడే కావచ్చు. బ్రష్‌తో రెక్క జరిపితే వెనక రెక్క మండే నారింజ రంగులో కనిపించింది, దాని మీద నల్ల మచ్చ. ఇప్పుడు యూడోసిమా అనే ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, తేలింది. మచ్చ గుండ్రంగా, అంచు నలుపుకు అంటకుండా విడిగా ఉంటే యూడోసిమా మెటర్నా. వంపు తిరిగిన పెద్ద మచ్చైతే యూడోసిమా ఫలోనియా అయ్యే అవకాశం ఎక్కువ, కానీ యూడోసిమా హోమీనా కూడా దానికి దగ్గర పోలికే కాబట్టి మచ్చ ఆకారాన్ని, ముందు రెక్క రంగును పక్కపక్కన పెట్టి పోల్చకుండా ఖాయం చేయకండి. ఫలోనియా రెక్కల విప్పారం 8 నుంచి 10 సెంటీమీటర్లు. ఆడ, మగ ముందు రెక్కల తీరు వేరుగా ఉండడం వల్ల ఒకే జాతిని రెండుగా లెక్కపెట్టే పొరపాటు ఈ ప్రజాతిలో తరచూ జరుగుతుంది.

తొండం ఫోటో ఉంటే అదొక బలమైన సాక్ష్యం. మామూలు మాత్ తొండం మెత్తటి గొట్టం, యూడోసిమాది గట్టిపడి కొనన ముళ్లున్న సూది. దానితోనే బత్తాయి, దానిమ్మ తొక్కను పొడిచి రసం పీలుస్తుంది. ఆ రంధ్రం నుంచి కుళ్లు మొదలై కాయ రాలిపోతుంది. గొంగళి పురుగులు మాత్రం తోటలో దొరకవు, అవి తిప్పతీగ, దూసరితీగ ఆకుల మీద పెరుగుతాయి. గుడ్డ కట్టిన చోటికి దగ్గర్లో ఆ తీగలున్నాయా అని పగటిపూట చూసి రాసుకోండి. చుట్టూ ఉన్న మొక్కల జాబితా సగం సందేహాలను తీరుస్తుంది: మద్ది చెట్లుంటే దసలి పట్టు మాత్, మేడి జాతి చెట్లుంటే అసోటా, గిలిగిచ్చ జాతి మొక్కలుంటే తెల్ల రెక్కల మీద ఎర్ర, నల్ల చుక్కల యుటిథీసా.

ఫోటో పెట్టగానే పేరు చెప్పే ఐనాచురలిస్ట్ లాంటి యాప్‌ల సూచనను ప్రారంభంగా తీసుకోండి. ఎక్కువ ఫోటోలున్న జాతి వైపు అవి మొగ్గుతాయి. యాప్ చెప్పిన జాతి తూర్పు కనుమల్లో నమోదైందా, దానికి దగ్గర పోలికలున్నవి ఏవి అని చూడండి. మాత్స్ ఆఫ్ ఇండియా వెబ్‌సైటులో జాతుల వారీగా ఫోటోలు, నమోదైన ప్రాంతాలు దొరుకుతాయి. 1892 నుంచి 1896 దాకా హాంప్సన్ నాలుగు సంపుటాల్లో రాసిన వివరణలు ఇప్పటికీ ఉపయోగమే, కానీ అందులోని పేర్లు చాలా మారిపోయాయి కాబట్టి పేరును నేరుగా ఎత్తి రాయకండి.

కొన్నింటికి ఫోటోతో జాతి తేలదు. జననాంగాలను కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే తప్ప విడదీయలేనివి జియోమెట్రిడే, క్రాంబిడేల్లో బోలెడు. అక్కడ ప్రజాతి దగ్గరే ఆగి అలాగే రాయండి. ఊహించి రాసిన జాతి పేరు, ఆ జాతి లేని చోట ఉన్నట్టు పటం మీద చుక్క పెడుతుంది, తర్వాత దాన్ని తొలగించడం ఎంతో కష్టం.

ప్రతి నమోదుకూ తేదీని రెండు రోజులుగా రాయండి, "జూలై 12–13 రాత్రి" అని. వాలిన సమయం, ఊరు, ఎత్తు, లైటు రకం, వాన, గాలి, చంద్రుడి తిథి జత చేయండి. ఏటా జూలై చివర్లో, 2012 నుంచి జరుగుతున్న జాతీయ మాత్ వారంలో పేర్లు చెప్పే నిపుణులు ఆన్‌లైన్‌లో ఎక్కువగా ఉంటారు. తేలనివి ఆ రోజుల్లో పెడితే జవాబు త్వరగా వస్తుంది.

సర్దేటప్పుడు

లైటు ఆర్పి పది నిమిషాలు చీకట్లో వదిలితే కొన్ని వాటంతట అవే వెళ్లిపోతాయి. మిగిలినవాటిని గుడ్డ మెల్లగా దులిపి పొద కింద దించండి. పొద్దు పొడిచేదాకా గుడ్డను అలాగే వదిలేస్తే పిట్టలు, బల్లులు మొత్తం ఏరుకుతింటాయి. ఒకే చోట వరసగా రాత్రుల తరబడి లైటు పెట్టకండి. ఆ సమయంలో ఆడవి గుడ్లు పెట్టలేవు, తినే జంతువులూ ఆ చోటికి అలవాటు పడతాయి. వారం పది రోజులైనా ఎడం ఇవ్వండి. ఆ మధ్యలో గుడ్డే అక్కర్లేని పని ఒకటుంది: తెల్లారుజామున కాటేజీ గోడలు, బాత్రూమ్ కిటికీలు, అడవి దారి పెట్రోల్ బంకు స్తంభాలు చూసి రండి. రాత్రంతా వెలిగిన దీపాల కింద వాలినవి పిట్టలు లేచేదాకా అక్కడే ఉంటాయి.